కిటికీలో తిరగేసి బిగించిన ఏసీ

ముందే చెప్పేస్తున్నాను: నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. చీమ కనిపిస్తే ఏనుగంటాను, ఏనుగు కనిపిస్తే గుట్టంటాను. గోదావరిఖనిలో మా కాలనీవాళ్ళు నా మాటలో ముప్పాతిక తీసేసి మిగిలిన పావు నమ్ముతారు. మా ఇంటావిడ ఆ పావు కూడా నమ్మదు. మీరూ అట్లాగే చదువుకోండి. కింద రాసినదాంట్లో చాలాచోట్ల పెంచాను. ఒక్కచోట మాత్రం పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర నేనే చెబుతాను.

నేను బొగ్గు కంపెనీలో ఏసీ మెకానిక్‌గా పనిచేశాను. గనిని మా దగ్గర బాయి అంటారు. ఆ బాయిలోకి నేను దిగింది తక్కువ. ఆఫీసుల్లో, గెస్ట్‌హౌసులో, ఆఫీసర్ల బంగళాల్లో ఉన్న ఏసీలు, ఫ్రిజ్‌లు, నీళ్ళ కూలర్లు చూసుకోవడం నా డ్యూటీ. కంప్రెసర్ల మోత విని విని కుడి చెవి పోయింది. మెడికల్ బోర్డులో కుడివైపు కూర్చున్న డాక్టరు నన్ను ఏం అడిగాడో ఇప్పటికీ తెలియదు గానీ, నా జవాబు విని అన్‌ఫిట్ అని రాశాడు. అట్లా నెత్తిన వెంట్రుకలు నల్లగా ఉండగానే పెన్షనర్ని అయ్యాను.

ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ సారు ఏ కాగితం మీద సంతకం పెట్టాడో రాయను. ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న ఐటీఐ పిల్లలకు పనికొచ్చేది రాస్తాను. నవ్విస్తూ మొదలుపెడతాను, అది నా అలవాటు. విషయం మాత్రం నవ్వేది కాదు.

మనం హమాలీలం

నాకు పని నేర్పింది హుస్సేన్ ఉస్తాద్. కోపం వస్తే చేతిలో పానా విసిరేవాడు. ఇక్కడ షెడ్డులో విసిరితే అది కమాన్‌పూర్‌లో ఎవరి పెరట్లోనో పడేది, వాళ్ళు బస్సులో పంపించేవాళ్ళు. చదువు లేదు గానీ, మొదటిరోజే ఆయన చెప్పిన మాట నా సర్వీసంతా నడిపించింది.

"అరే మల్లేశం, సల్లదనం ఎవ్వడు తయారు జెయ్యడు. మనం హమాలీలం. లోపలి వేడిని మూటగట్టి బయట పారేసి వస్తం. గంతే."

ఏసీ అంటే అంతే. గదిలో వేడిని ఎత్తుకుని వీధిలో దించే కూలీ. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మీటరూ గేజీ లేకపోయినా సగం రోగాలు కనిపెట్టొచ్చు.

రెండో ముక్క నాకు ఒక పెద్దసారు గది దగ్గర అర్థమైంది. ఆయనకు డిసెంబరులోనూ ఏసీ నడవాలి. స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, పళ్ళు టకటకలాడిస్తూ ఫైళ్ళు చూసేవాడు. బందు చేద్దామా సార్ అని ఒకసారి అడిగితే, నన్ను ఉద్యోగంలోంచి తీసేయమంటున్నావా అన్నట్టు చూశాడు. నా అనుభవంలో సగంమంది సార్లకు చల్లదనంతో పని లేదు. తమకోసం ఒక డబ్బా మోగుతూ ఉండాలి, అంతే.

ఆ డబ్బా వెనకభాగం వరండాలోకి ఉండేది. దాని ఎదురుగా ఒక గుమాస్తా బల్ల. ఎండాకాలమంతా ఆ వేడికి ఆయన కాగితాలు అప్పడాల్లా ముడుచుకునేవి. నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ కలిపి తిట్టేవాడు. అదే మనిషి చలికాలం వచ్చేసరికి మెత్తగా అయిపోయి, సారు ఏసీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకుండా చూడమని బతిమాలేవాడు. టిఫిన్ డబ్బా ఆ గాలికి ఎదురుగా పెట్టి, మధ్యాహ్నం వేడి వేడి అన్నం తినేవాడు. లోపల పెద్దసారు గడ్డకడుతున్నాడు, బయట గుమాస్తా వెచ్చగా కునుకు తీస్తున్నాడు. అది చూస్తూ అనుకున్నాను, ఇంటికి వెచ్చదనం కావాలంటే కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు, ఈ డబ్బాను తిరగేసి బిగిస్తే చాలు. బయటి చలిగాలిలో కూడా ఎంతో కొంత వేడి ఉంటుంది. దాన్ని ఎత్తుకొచ్చి గదిలో దించుతుంది. దీనికి హీట్ పంపు అనే పెద్ద పేరుందని తర్వాత తెలిసింది.

తెలిశాక ఆ పిచ్చి ఊరుకోనివ్వదు. చాలా ఏళ్ళకు దానికి పని దొరికింది.

దానం సర్దార్

మా వరసలో మూడో క్వార్టరు దేవదానంగారిది. అందరూ దానం సర్దార్ అనేవాళ్ళు. నేను అన్న అనేవాణ్ణి. ఆయన భార్య సారమ్మ నాకు వదినె. బాయిలో సర్దార్ అంటే షిఫ్టు మొదట్లో అందరికంటే ముందు లోపలికి పోయే మనిషి. చేతిలో గాజుబుడ్డి దీపం ఉంటుంది. దాన్ని పైకప్పు దాకా ఎత్తి, మంట రంగు చూసి, గాలిలో గ్యాసు ఉందో లేదో తేలుస్తాడు. అంతదాకా కార్మికులు బయట కూర్చుని ఉంటారు. ఆయన వెనక్కి వచ్చి "సాఫున్నది, పొండ్రి" అన్నాకే లోపల అడుగు పెడతారు. దానం అన్న సర్వీసంతా ఆ మాట అంటూ గడిపాడు. ఆయన మాట మీద లోపలికి పోయినవాళ్ళలో గ్యాసు తగిలి పడ్డవాడు ఒక్కడు లేడు. ఇందులో పెంచింది ఏమీ లేదు.

రిటైరయ్యేసరికి ఆయన ఊపిరితిత్తుల్లో ఎంత బొగ్గు చేరిందంటే, ఆయన దగ్గితే ఒక వ్యాగన్ నిండుతుందని నేను జోకులు వేసేవాణ్ణి. ఆయనే ముందు నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గై, దగ్గు ఆగక, గోడ పట్టుకునేవాడు. తర్వాత ఆ జోకు మానేశాను.

మా కాలనీలో చలికాలం తెల్లవారిందంటే ప్రతి క్వార్టరు ముందూ ఒక సిగిడి వెలుగుతుంది. సిగిడి అంటే ఇనప బకెట్టుకు కన్నాలు పెట్టి, మట్టి మెత్తి చేసుకున్న బొగ్గుల పొయ్యి. మొదట పొగ. ఆ పొగకు ఎదురింటి మనిషి కనిపించడు. పొగ పోయి నిప్పులు ఎర్రబడ్డాక దానిమీద నీళ్ళు కాస్తారు. ఆ పని అయ్యాక సిగిడిని గదిలో మంచం పక్కన పెట్టుకుంటారు. పొగ పోతే విషం పోయినట్టేనని ఇక్కడ అందరి నమ్మకం.

నిజానికి అసలు విషం అప్పుడే మిగులుతుంది. ఎర్రటి నిప్పుల నుంచి వచ్చే ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. నిద్ర మాత్రం వస్తుంది. సర్దార్ దీపానికి కూడా అది దొరకదు. ఒకప్పుడు దానికోసం బాయిలోకి పంజరంలో పిట్టను తీసుకుపోయేవాళ్ళట. ఇదంతా నాకు చెప్పింది దానం అన్నే. మరి నువ్వు ఇన్ని చలికాలాలు నిప్పులు పక్కన పెట్టుకుని ఎట్లా పడుకున్నావన్నా అని అడిగాను.

"ఇల్లు బాయి కాదు గద తమ్మీ" అన్నాడు.

ఆ ఏడాది దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. బొగ్గు గదిలోకి రాకూడదు, ఇక బయటే. వదినె ఆ మాటను బైబిలు వాక్యంలా పాటించింది. సిగిడిని వాకిట్లో అటు చివరకు జరిపింది. గదిలో నిప్పు లేకపోయేసరికి చలి దిగింది. చలికి దగ్గు, దగ్గుకు నిద్ర లేదు. కాయిల్ హీటరు తెచ్చారు. పాత క్వార్టరు వైరు దాని కరెంటు మోయలేక కమిలింది. ఎర్రటి కాయిలు మీద దుమ్ము కాలిన వాసనకే అన్నకు దగ్గు తెర మీద తెర వచ్చేది. ఈ చలికాలం దాటడం కష్టమేనని దవాఖానలో వదినెతో అన్నారు. ఆమె ఆ మాట నాతో చెప్పి, అన్నతో చెప్పొద్దంది.

అప్పుడు నేను ఛాతీ విరుచుకుని, నీ గదిలో ఎండాకాలం దించుతాను వదినె అన్నాను.

పరీక్ష

పెద్దపల్లిలో పాత సామాను కొట్టు నుంచి ఒక టన్ను కిటికీ ఏసీ తెచ్చాను. దానికి ఎంత తుప్పు పట్టిందంటే, ఆటోలో తెస్తుంటే వెనక దారంతా ఎర్రగా గీత పడింది. కంప్రెసరు మాత్రం గట్టిది. గ్యాసు నింపాను. తెల్లవారి చలికి డబ్బాను ఆపేసే థర్మోస్టాటును పక్కకు తప్పించాను. ఫ్యాను బేరింగులు మార్చాను. మొదట మా ఇంట్లోనే తిరగేసి బిగించి నడిపించాను. సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనె కరిగింది. మా ఇంటావిడ కలిపి పెట్టిన ఇడ్లీ పిండి గంటలో పొంగి గిన్నె దాటింది. గోడమీది బల్లి వేడికి తట్టుకోలేక కుటుంబంతో సహా పక్క క్వార్టరుకు వలసపోయింది.

ఒక సాయంత్రం తీసుకుపోయి దానం అన్న పడుకునే గది కిటికీకి పెట్టాను. ముందు ముఖం వాకిట్లోకి, వీపు గదిలోకి. చుట్టూ ప్లైవుడ్డు కొట్టి, సందుల్లో పుట్టీ నింపాను. ఆన్ చేయబోతుంటే అన్న మంచంమీద లేచి కూర్చున్నాడు.

"ఆగు. గిండ్ల వచ్చే గాలి ఏది, పోయే గాలి ఏది?"

బాయిలో మొదట చూసేది అదే. గాలి ఒక దారిన రావాలి, ఒక దారిన పోవాలి. కదలని గాలిలో ఆయన పడుకోడు. నేను డబ్బాలో చిన్న మూత చూపించాను. మామూలుగా అయితే గదిలోని పాతగాలిని బయటికి తోయడానికి అది. తిరగేసి బిగిస్తే అదే మూతలోంచి బయటిగాలి గదిలోకి వస్తుంది. ఊపిరి బాధ ఉన్న మనిషి కదా, తెరిచే ఉంచుదామన్నాను. ఆయనకు నచ్చింది. లేచి వచ్చి గుమ్మంలోంచి వాకిట్లోకి తొంగి చూశాడు. డబ్బా కింద బట్టలుతికే బండ తప్ప ఏమీ లేదు.

"ఇదన్నట్టు మన ఇంటేక్, గాలి లోపలికొచ్చే తొవ్వ. ఇంటేక్ దగ్గర నిప్పు ఉండొద్దు. గిది బాయి కానూను. యాదుంచుకో."

యాదుంచుకుంటానన్నాను. ఉంచుకున్నాను కూడా. ఆ సమయానికి వదినె వంటింట్లో చాయ్ పెడుతోంది.

చాయ్ వచ్చేసరికి డబ్బా నడుస్తోంది, మా మాట చెమటల మీదికి మళ్ళింది. అన్న కంబళి తీసేశాడు, తర్వాత స్వెట్టరు తీసేశాడు. బనీనుతోనే కూర్చుని నావైపు చూశాడు.

"ఏం మల్లేశం, నన్ను ఉడకబెడ్తవా ఏంది?"

అని నవ్వాడు. ఎంతోకాలానికి దగ్గురాని నవ్వు. వదినె చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఆ నవ్వు పూర్తిగా విన్నది. తర్వాత నన్ను అడిగింది.

"గీ డబ్బకు నేనేమన్న జెయ్యాల్నా మల్లేశం?"

"నువ్వేం ముట్టుకోకు వదినె. దానంతటదే నడుస్తది."

మంచు

తెల్లవారుజాము చలిలో ఆ డబ్బా బయటి ముఖం మీద తెల్లగా మంచు పేరుకునేది. బయట వేడి తక్కువై, హమాలీకి మూట దొరక్క వచ్చే తంటా ఇది. మంచు పేరుకుంటే గాలి ఆడదు, గది చల్లబడుతుంది. కాసేపు ఆపితే అదే కరిగిపోతుంది. కంపెనీలు చేసే మిషన్లలో ఆ పని వాటంతట అవే చేసుకుంటాయి. నాది సొంతంగా చేసింది కాబట్టి మనిషి చేయాలి. అది దానం అన్నకు చెప్పాను. ఆయన రోజూ తెల్లవారకముందే లేచి స్విచ్చి ఆపి, మంచు కరిగాక మళ్ళీ వేసేవాడు. మళ్ళీ డ్యూటీ ఎక్కినంత సంబరం ఆయనకు. వదినెకు ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం మగవాళ్ళం, ఒక మిషన్, చెప్పడానికి ఇంకెవరూ లేరనుకున్నాం.

రోజులు గడిచేకొద్దీ ఆయనకు నిద్ర పట్టడం మొదలైంది. క్రిస్మస్ ముందు రోజులు. చర్చిలో తెల్లవారి ప్రార్థనలు జరుగుతున్నాయి. ఒకనాడు వదినె లేచి సిగిడి రాజేసి, నీళ్ళు కాచుకుని, చర్చికి బయలుదేరుతూ చూస్తే డబ్బా ముఖం తెల్లగా గడ్డకట్టి ఉంది. గదిలో చల్లగా ఉంది. అన్న ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు. ఎన్నో చలికాలాల తర్వాత పట్టిన నిద్ర. లేపబుద్ధి కాలేదు.

బొగ్గు మీద బతికే మనిషికి గడ్డకట్టిన వస్తువు కనిపిస్తే ఏం తోస్తుంది? మా వరసలో ఎవరైనా అదే చేసేవాళ్ళు. నేను డబ్బా చేసిన మనిషిని కాకపోతే నేనూ చేసేవాణ్ణి. పొగ పూర్తిగా పోయి నిప్పులు ఎర్రగా ఉన్న సిగిడిని తెచ్చి, డబ్బా కింద బండమీద పెట్టింది. వేడి గాలికి కొట్టుకుపోకుండా చుట్టూ గోనెసంచి కట్టింది. డబ్బాను ముట్టుకోలేదు. నేను ముట్టుకోవద్దన్నాను కదా.

మంచు కరిగింది. డబ్బా బ్రహ్మాండంగా నడిచింది. నిప్పుల మీది గాలినంతా పీల్చి, తెరిచి ఉన్న మూతలోంచి గదిలోకి పంపింది. ప్రార్థన ముగించుకుని వచ్చిన వదినె తలుపు తీసేసరికి గది ఎన్నడూ లేనంత వెచ్చగా ఉందట. పిలిస్తే ఆయన లేవలేదు.

కేకలు విని నేను వెళ్ళేసరికి నలుగురు ఆయన్ను మంచంతో సహా బయటికి మోస్తున్నారు. ఏసీ గ్యాసు లీకైందని ఎవరో అంటున్నారు. నేను వాకిట్లోకి వెళ్ళి గోనెసంచి తీసి చూశాను. సిగిడిలో నిప్పులు ఇంకా ఉన్నాయి.

దవాఖానలో డాక్టరు ఆయన పెదవుల రంగు చూసి, గదిలో బొగ్గు మండించారా అని వదినెను అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదు సార్. మీరన్నట్టు బయటనే పెట్టిన."

నేను పక్కనే ఉన్నాను. నా మంచి చెవి అటే ఉంది. డాక్టరుకు మూత సంగతి, డబ్బా తిరగేసిన సంగతి చెప్పాను. తర్వాత వదినెకు చెప్పాలి. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, గాలి ఎట్లా వచ్చిందో, అన్న ఆనాడు ఇంటేక్ గురించి ఏమన్నాడో మొత్తం చెప్పాను. ఒక్క ముక్క కూడా పెంచలేదు. ఆమె చివరిదాకా విన్నది.

"గా మాట నాకెందుకు చెప్పలే మల్లేశం?"

 

నేర్చుకునే పిల్లలకు

మిషన్‌ను అడిగినవాడికి అప్పగించి వచ్చేయకండి. పొద్దంతా దాని పక్కన మసిలే మనిషి ఎవరో చూసి ఆ మనిషికి అప్పగించండి. చాలా ఇళ్ళలో ఆ మనిషి మీరు మాట్లాడుతున్నప్పుడు వంటింట్లో ఉంటుంది. ఆమె వచ్చి కూర్చునేదాకా స్విచ్చి వేయకండి.

"నువ్వేం ముట్టుకోకు" అనేది మన పనిలో అన్నిటికంటే చెడ్డ మాట. దాన్ని మర్యాద అనుకుంటాం, అది బద్ధకం. ఎందుకు ముట్టుకోవద్దో, ఏం చేయొచ్చో, ఏది చేస్తే ప్రాణం మీదికి వస్తుందో చెప్పడానికి చాయ్ చల్లారేటంత సమయం చాలు.

తెల్లవారుజామున పనిచేయాల్సిన మిషన్‌ను సాయంత్రం పరీక్షించి భుజాలు చరుచుకోకండి. నా పరీక్షలో కొబ్బరినూనె కరిగింది, అది చూసి మురిసిపోయాను. మిషన్ పాసైంది. దాని చుట్టూ మనుషులు ఏం చేస్తారన్నది నేను పరీక్షించనే లేదు.

హీట్ పంపు చెడ్డది కాదు. లెక్క ప్రకారం నాది చక్కగా పనిచేసింది. ఆనాడు కూడా.

దానం అన్న బతికాడు. చాలాకాలం దవాఖానలో ఉండి ఇంటికి వచ్చాడు. డబ్బాను నేనే ఊడదీసి, కిటికీకి మళ్ళీ తలుపులు బిగించాను. చలికాలం ఇప్పుడు వాళ్ళింట్లో కంబళ్ళతోనే గడుస్తుంది. ఆయన అరుగుమీద ఎండలో కూర్చుంటాడు. నేను అటు వెళ్తే నన్ను చూసి లేచి, "ఏం మల్లేశం, ఇయ్యాల ఎవరిని ఉడకబెట్టినవ్?" అంటాడు.

కల్పించిన చోటు

పానా కమాన్‌పూర్ దాకా పోలేదని, బల్లి వలసపోలేదని మీరే తీసేసుకుని ఉంటారు. ఇడ్లీ పిండి తెల్లారే పొంగింది. అవి అబద్ధాలని చూడగానే తెలుస్తుంది, వాటితో ఎవరికీ నష్టం లేదు. నిజంలా కనిపించేది ఒకటుంది. దానం అన్న నన్ను చూసి ఆ మాట అంటాడని ఇప్పుడే రాశాను కదా, అది కల్పన. ఆ మాట పరీక్ష నాటి సాయంత్రానిది. అక్కడినుంచి మోసుకొచ్చి ఇక్కడ దించాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

అరుగుమీద కూర్చునేది నిజం. నేను వెళ్తే లేచేదీ నిజం. లేచి, దీపం పట్టుకున్నట్టే కుడిచెయ్యి పైకెత్తి, నా తలమీద గాలిని కాసేపు చూస్తాడు. "సాఫున్నది, పొండ్రి" అంటాడు. ఆనాటి నుంచి నా పేరు ఆయనకు గుర్తులేదు. ఎవరొచ్చినా అంతే. పొద్దున వదినె చాయ్ తెచ్చి గుమ్మం దగ్గర ఆగుతుంది. ఆయన చెయ్యెత్తి చూసేదాకా గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. పొమ్మన్నాకే అడుగు వేస్తుంది.